సుడిగాలి బూట్లు విప్పిన నేలమాళిగ

ఆదివారం ఆరాధన అయ్యాక కింద హాల్లో కాఫీ తాగకుండా ఇంటికి పోయేవాణ్ణి మా నార్డ్‌బీ ఊళ్ళో లూథరన్ చర్చి మనిషిగా లెక్కవెయ్యరు. పైన ప్రసంగం ఇరవై నిమిషాలు. కింద కాఫీ రెండు గంటలు. ఆ రోజు మాత్రం కాఫీతోపాటు ఒక సంగతి తేలాల్సి ఉంది. పదమూడు రోజుల్లో చేపల విందు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి మూడొందలమంది దిగుతారు. చూస్తే హాలు నేల వట్టి సిమెంటు, అక్టోబరులోనే అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. గోడవారన ఒక చుట్ట నిలబెట్టి ఉంది: పైన బల్లల మధ్య నడవలో నలభై ఏళ్ళు పరిచి ఉన్న ఎర్ర తివాచీ, అందులో సగం. కిందటేడు కొత్తది వేయించినప్పుడు తీశారు. పారెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. రొట్టె పొట్లానికి కట్టిన దారాన్ని కూడా సొరుగులో దాచుకునే జనం మేము. ఆ సగాన్ని ఈ హాల్లో ఎవరు పరచాలి అన్నదే ప్రశ్న.

మిగతా సగం కిందటేడే వెర్లిన్ హాగెన్ పట్టుకుపోయి తన ఇంటి నేలమాళిగలో పరుచుకున్నాడు. కాబట్టి ఈ పని తనకే రావాలని అతని ఆశ. ఆశ అంటే అలాంటిలాంటిది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ చర్చిలో అతనికి అప్పగించిన పని ఒక్కటే, మడత కుర్చీలు వెయ్యడం, మడత కుర్చీలు తియ్యడం. ఒకసారి కాఫీ యంత్రం బాగుచేయనిచ్చారు గాని, ఆ ఈస్టరుకి పాస్టరుగారి ప్యాంటు తడిశాక మళ్ళీ కుర్చీలే.

కానీ పని ఇమ్మని నోరు తెరిచి అడగడం మా ఊళ్ళో బూతుతో సమానం. వాళ్ళే అడగాలి. అడిగితే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగినప్పుడు 'ఇంతగా అంటున్నారు గనక' అనాలి. కాఫీకీ అంతే, పెళ్ళికీ అంతే. అందుకని వెర్లిన్ పని అడగలేదు. కథ ఎత్తుకున్నాడు.

వినేవాళ్ళు ఎవరంటే: కొత్త పాస్టరమ్మ కిర్‌స్టెన్ గారు, కాలిఫోర్నియా నుంచి వచ్చి ఏడాదిన్నర, చేతిలో తీర్మానాల పుస్తకం. చక్కెర దుంపలు పండించే డెల్మర్, వెర్లిన్‌తో ఒకటో తరగతి నుంచి కొట్లాడుతున్నాడు. వెర్లిన్ భార్య మార్లిస్. వాళ్ళ పక్కింటి ఈనర్, భార్య పోయిన పెద్దాయన, ఏడాదికి సరిపడా ఒక డజను మాటలు కొని తెచ్చుకుని పొదుపుగా వాడుకునే మనిషి. ఇంకా మేమందరం. బల్ల మీద మార్లిస్ తెచ్చిన గుమ్మడికాయ కేకు పళ్ళెం. అప్పటికే అందులో ఒక్క ముక్క మిగిలింది. చివరి ముక్క తినకూడదు, అది మరో కట్టుబాటు.

"నేనేం గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు కదా పాస్టరమ్మగారూ," అన్నాడు వెర్లిన్.

డెల్మర్‌కి కాఫీ పొలమారింది.

"నీ దగ్గు అయ్యేదాకా ఆగుతాలేరా. ఏముందండీ, చిన్న పని. ఏదో తివాచీ ముక్క పరుచుకున్నాను. మార్లిస్ వాళ్ళ చెల్లెలింటికి ఫార్గో వెళ్ళింది, సోమవారం వెళ్ళి గురువారం రావాలి. వెళ్ళేముందు కారెక్కుతూ ఏమందీ? 'కింద కుట్టుమిషను ముందు కూచుంటే కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి' అంది. అంతే అంది. నాకు గుండెలో గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు నాతో వేగిన మనిషి, కాళ్ళు చల్లగా ఉన్నాయంటే మగాడన్నవాడు కూచుంటాడా? వెంటనే వచ్చి ఈ చర్చి వెనక పడున్న చుట్ట దగ్గర నిలబడ్డాను. నలుగురు మోసే బరువు. నేను ఒక్కణ్ణే, ఇలా వంగి, ఇలా భుజానేసుకుని..."

"నా ట్రక్కులో వేసుకెళ్ళావు. ఎక్కించింది నేను," అన్నాడు డెల్మర్.

"భుజానేసుకుని నీ ట్రక్కులో పడేశాననేగా చెప్పబోతున్నాను, మధ్యలో దూరతావేం! పడితే కదండీ ట్రక్కులో. ఎంత పొడుగంటే, ముందు కొస మా వాకిట్లో దించుతుంటే వెనక కొస ఇంకా ఇక్కడ చర్చి గుమ్మంలోనే ఉంది. మధ్యలో రైలు గేటు. దుంపల గూడ్సు వచ్చింది, ఆగింది. డ్రైవరు దిగాడు, తివాచీ మీద బూట్లు శుభ్రంగా తుడుచుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. వాడి వెనకాల గార్డు. వాడూ తుడుచుకున్నాడు."

"సగం తివాచీ అంత పొడుగు ఎలా వచ్చింది వెర్లిన్?" అని పాస్టరమ్మ మర్యాదగా అడిగారు.

"చర్చి సరుకు కదండీ! అయిదు రొట్టెలు అయిదువేలమందికి వచ్చినప్పుడు నడవ తివాచీ అరమైలు సాగదా?"

పాస్టరమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. చివరి ముక్కని కత్తితో సగం చేసి, సగమే తీసుకున్నారు. చివరి ముక్క మర్యాద ఆవిడకి పట్టుబడింది. మా మిగతా మర్యాదలు ఇంకా పట్టుబడాలి.

"కొలత పెట్టానా అంటే, పెట్టలేదు. టేపు నేను ముట్టను. గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసుకుని గదిని ఒకసారి చూశాను. కత్తి తీసి ఒకే ఒక్క కోత. పరిచి చూస్తే నాలుగు మూలలా అతుక్కుపోయింది, గోరంత ముక్క మిగల్లేదు."

"కోతల్లో నీ తర్వాతే ఎవరైనా," అన్నాడు డెల్మర్.

"విన్నారా, వాడే ఒప్పుకున్నాడు. ఇంకో సంగతి పాస్టరమ్మగారూ, ఇది నవ్వుకునేది కాదు. నలభై ఏళ్ళు ఆ తివాచీ మీద ఎంతమంది పెళ్ళికూతుళ్ళు నడిచారు! ఆ నడక దారాల్లోకి ఇంకిపోయింది. పరిచిన పూటే మా పిల్లి మెట్లు దిగొచ్చింది. ఎప్పుడూ దూకి చచ్చే పిల్లి. ఆ రోజు తివాచీ మీద కాలు పెట్టిందో లేదో, ఒక అడుగు, ఆగింది. ఇంకో అడుగు, ఆగింది. తలొంచుకుని అలా నడిచి నడిచి హీటరు ముందుకెళ్ళి నిలబడి, వెనక్కి తిరిగి నన్ను చూసింది, వరుడేడీ అన్నట్టు. అది పిల్లి, పోనీ. గ్యాసు మీటరు చూసేవాడు వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారి, పెళ్ళి మాటెత్తితే వాకిలి దాటి పారిపోయే రకం. ఈ మూలనుంచి ఆ మూలకి నడిచాడు, మీటరుదాకా. మీటరు చూళ్ళేదు. తిన్నగా బయటికెళ్ళి, కిరాణా కొట్లో పనిచేసే అమ్మాయిని అడిగేశాడు. ఇప్పుడు వాళ్ళకిద్దరు పిల్లలు."

"తివాచీ పరిచి ఏడాదేగా అయ్యింది?"

"కవలలు మరి!"

డెల్మర్ వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టి, విసుగొచ్చి, మిగిలిన సగం ముక్కలో సగం కోసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిగించడం. పరచడం ఎవడైనా పరుస్తాడు, బిగించడంలో ఉంది మనిషి. మోకాలితో పొడిచే పరికరం ఒకటుంటుంది, దాని పళ్ళు తివాచీలో దించి, వెనక కొసని మోకాలితో గుద్దాలి. మామూలు వాళ్ళు గోడకి ఇరవై పోట్లు పొడుస్తారు. నేను పొడిచింది ఒక్కటి. తివాచీ వెళ్ళి అవతలి గోడకి తగిలింది, గోడ అరంగుళం జరిగింది, గోడ పక్కన నేల జరిగింది, పక్కింట్లో ఈనరన్న గడియారం పది నిమిషాలు ముందుకెళ్ళింది. అవునా ఈనరన్నా?"

ఈనర్ కాఫీ ఒక గుక్క తాగాడు. మా ఊళ్ళో కాదనకపోతే అవునన్నట్టే.

"చూశారా! ఎంత బిగువంటే, చేతిలో సుత్తి జారి పడింది. కింద ఉంటే కదా! తివాచీ మీద పడి లేచి, కప్పు దూసుకుని వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు కొట్టి, మళ్ళీ కిందికొచ్చి, మళ్ళీ పైకి. మూడు రోజులు అది ఆగలేదండీ. నేను ఊరుకుంటానా? అది దిగే చోట ఒక మేకు పెట్టేవాణ్ణి, కొట్టి వెళ్ళేది. ఇంకో మేకు పెట్టేవాణ్ణి, కొట్టి వెళ్ళేది. గదంతా మేకులు అదే కొట్టుకుంది. నేను ఊరికే కూచుని పాటలు పాడుకున్నాను."

"అందుకేనా వంటింటి నేలకి కన్నం?" అంది మార్లిస్.

"అది వేరే కన్నం." వెర్లిన్ తొందరగా ముందుకి పోయాడు. "ఇంక వెచ్చదనం! తివాచీ కింద మెత్త వేస్తారు కదా, ఎన్ని వరసలు వేస్తారు? ఒకటి. నేను మూడు వేశాను. పాత మెత్త ఉంది, అది పీకకుండా దాని మీద ఒకటి, దాని మీద చర్చిది ఇంకొకటి, ఆ పైన తివాచీ. పాతవి వాడుకోకపోతే పాపం కదండీ, పైగా అవి మార్లిస్ కాళ్ళు! జనవరి వచ్చింది. గుర్తుందిగా, సున్నాకి కింద నలభై. కప్పులో కాఫీ పోస్తుంటే ధార అలాగే నిలబడిపోయింది, విరిచి పెట్టుకున్నాం. అలాంటి చలిలో మా హీటరు ఏం చేసిందంటే, మొదటిరోజు వెలిగింది. రెండోరోజు కింద గది చూసి సిగ్గుపడింది. మూడోరోజు తన స్విచ్చి తనే కట్టేసుకుంది. ఇంటి చుట్టూ పది గజాలు మంచు కరిగిపోయింది. తులిప్ మొక్కలు తలలు పైకెత్తి, 'ఏప్రిల్ అనుకున్నామే' అని ఒకదాని మొహం ఒకటి చూసుకుని, ఎలాగూ లేచాం కదా అని పూసేశాయి. అప్పటికే టెక్సాస్ వెళ్ళిపోయిన బాతులు సంగతి తెలిసి వెనక్కొచ్చాయి."

"బాతులకి ఎవరు చెప్పార్రా?"

"నేను చెప్పింది మీ ఆవిడ ఒక్కదానికే డెల్మర్. టెక్సాస్ దాకా ఎలా వెళ్ళిందో నువ్వే ఆలోచించుకో."

హాలంతా గొల్లుమంది. డెల్మర్ కూడా నవ్వేశాడు, నిజం కదా మరి. అంత నవ్వులోనూ వెర్లిన్ ఒక కన్ను గోడవారన చుట్ట మీద, ఇంకో కన్ను పాస్టరమ్మ చేతిలో కలం మీద ఉంచాడు. కలం ఇంకా కదల్లేదు. అది కదలాలంటే ఇంకాస్త పెద్దది కావాలనుకున్నట్టున్నాడు, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు. జూన్‌లో సుడిగాలి ఒక ఎత్తు."

"జూన్‌లో సుడిగాలి వచ్చిందా?" అన్నారు పాస్టరమ్మ. "సైరన్ మోగింది గాని, ఏమీ రాలేదుగా."

"ఎందుకు రాలేదో చెప్తున్నానండీ! వచ్చింది. డెల్మర్ దుంపల చేలో పుట్టింది. ఊరంతా పరిగెత్తుకొచ్చి మా నేలమాళిగలో దూరారు. డెబ్భై మంది, రెండు కుక్కలు, ఒక చూలు ఆవు."

"నేనెక్కడున్నాను అప్పుడు?" అన్నాడు డెల్మర్.

"నువ్వు మెట్ల మీద బూట్లు విప్పుతున్నావు. నీ లేసు ముళ్ళు ఎప్పటికి ఊడతాయి గనక? సరే, వచ్చింది. మా ఇంటి కప్పుని గిన్నె మీద మూత తీసినట్టు తీసి పక్కన పెట్టింది. మెట్లు దిగింది. గుర్రుమంటోంది. పిల్లలు ఏడుస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. అది గుమ్మంలో ఆగింది. లోపలికి చూసింది. ఎర్ర తివాచీ! గోడనుంచి గోడకి ఒక్క ముడత లేదు. ఎంతైనా మా జిల్లా సుడిగాలి కదండీ, పెంపకం ఎక్కడికి పోతుంది? బూట్లు విప్పింది."

"సుడిగాలికి బూట్లేమిటయ్యా!" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

"ఒక కాలికి డెల్మర్ కొట్టం, ఇంకో కాలికి ధాన్యం గోదాము. రెండూ విప్పి గుమ్మం పక్కన వరసగా పెట్టింది. మునివేళ్ళ మీద లోపలికొచ్చి ఒక మూల ఒదిగి కూచుంది. ఇంటికొచ్చినవాళ్ళని అడక్కుండా ఉంటామా? కాఫీ తాగుతావా అన్నాను. వద్దంది. కొంచెం తాగు అన్నాను. అబ్బే, ఇప్పుడే తాగొచ్చానంది. మూడోసారి అడిగాను. 'ఇంతగా అంటున్నారు గనక, అర కప్పు' అంది."

మార్లిస్ కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి చాచి, పావు ముక్కలో సగం తీసుకుంది.

"తాగింది. వర్షాల గురించి మాట్లాడింది. తర్వాత మోకాళ్ళ మీద చరుచుకుని 'సరే మరి' అంది. అమ్మయ్య, పోతుందనుకున్నాం. పోతుందా! లేచి నిలబడి పావుగంట. మెట్ల దగ్గర అరగంట. బూట్లు తొడుక్కుంటూ వాళ్ళ అమ్మమ్మ ఆపరేషను సంగతి అంతా చెప్పింది. వాకిట్లో ఇంకో అరగంట. 'ఇదిగో కాస్త కేకు పట్టుకెళ్ళు' అని మార్లిస్ పొట్లం కట్టిచ్చింది. 'దారిలో జింకలుంటాయి, చూసుకు వెళ్ళు' అన్నాను నేను. ఆ వీడ్కోళ్ళలోనే దాని ఊపంతా అయిపోయిందండీ. ఊరి పొలిమేర దాటేసరికి ఏముంది, దీపం కూడా ఆర్పలేని పిల్లగాలి. పోతూ పోతూ మా కప్పు తెచ్చి మళ్ళీ పెట్టి వెళ్ళింది, కొంచెం వంకరగా. ఊరు నిలిచింది. నావల్ల అంటానా? అనను. తివాచీ వల్ల. పరచడం తెలిసినవాడు పరిచిన తివాచీ వల్ల."

అని వెనక్కి వాలి, గోడవారన చుట్ట కేసి అసలు చూడనట్టు చూశాడు.

నవ్వీ నవ్వీ అందరి పొట్టలూ పట్టేశాయి. పాస్టరమ్మ కలం విప్పారు. వెర్లిన్ నిటారుగా లేచి కూచోవడం మా అందరికీ కనిపించింది.

"అసలు పని ఎన్నాళ్ళు పట్టింది వెర్లిన్? మనకి పదమూడు రోజులే ఉన్నాయి."

"మూడు రోజులండీ." అక్కడితో ఆపితే అయిపోయేది. ఆపలేదు. "యోనా చేప కడుపులో ఉన్నట్టు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. తలుపేసుకుని కూచున్నాను. బయటికి రాలేదు, ఒక్కరితో మాట్లాడలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, మెతుకు కొరకలేదు. దీక్ష అన్నమాట. అంత పట్టుగా కూచుంటే గాని—"

అప్పుడు ఈనర్ కప్పు కింద పెట్టాడు.

లేచాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. పళ్ళెంలో చివరి ముక్క అప్పటికి చిటికెన వేలి గోరంత ఉంది. దాన్ని రెండు వేళ్ళతో తీసి నోట్లో వేసుకున్నాడు.

మాలో ఎవరికీ జ్ఞాపకం ఉన్నంతలో ఆ బల్ల మీద చివరి ముక్క తిన్న మనిషి లేడు. ఎవరి చేతిలోనో చెంచా జారి సిమెంటు మీద టంగుమంది.

ఈనర్ నమిలాడు, మింగాడు, ఖాళీ పళ్ళెం ఎత్తి బోర్లా తిప్పాడు. విందులకి తెచ్చే పళ్ళేలు మారిపోకుండా అడుగున కాగితపు టేపు అంటించి పేరు రాసుకుంటాం మేమంతా. దీని అడుగునా ఉంది టేపు. సగం వెలిసిన సిరా అక్షరాలు: ఈనర్.

"నాది," అన్నాడాయన.

"అయ్యో, మీదే ఈనర్ గారూ!" మార్లిస్ రెండు చేతులూ బుగ్గల మీద వేసుకుంది. "ఏడాదిగా మా ఇంట్లోనే ఉంది. ఎలా వచ్చిందయ్యా అంటే ఈయన విందులో మారిపోయిందన్నాడు. ఖాళీ పళ్ళెం తిరిగివ్వలేం కదా. ఇచ్చేద్దామని అందులో ఏదైనా చేస్తే చాలు, వాకిలి దాటకుండా ఈయనే తినేస్తాడు. ఇవాళ ఎలాగో చర్చిదాకా తెస్తే, ఇక్కడ మీరందరూ తినేశారు."

"విందులో మారలేదు," అన్నాడు ఈనర్. "బుధవారం. కిటికీలోంచి ఇచ్చా."

"ఏ కిటికీ?" అన్నారు పాస్టరమ్మ.

వెర్లిన్ పైకి చూశాడు, కిందికి చూశాడు, తన కాఫీ కప్పులోకి చూశాడు. సుడిగాలికి కాఫీ పోసినవాడు ఇప్పుడు ఎక్కడ దూరదామా అని వెతుక్కుంటున్నాడు.

ఈనర్ ఏడాది మాటలన్నీ ఒక్కసారే ఖర్చుపెట్టేశాడు.

"వాళ్ళ నేలమాళిగ కిటికీ. చిన్నది, నేలకి ఆనుకుని ఉంటుంది. మంగళవారం పొద్దున గడ్డి కోస్తుంటే అందులో వెర్లిన్ మొహం కనిపించింది. బాగున్నావా అన్నా. బాగున్నా, నువ్వెలా ఉన్నావన్నాడు. వాన పడేలా ఉందన్నా. అవును, పడ్డా పడొచ్చన్నాడు. నా పని నేను చూసుకున్నా. బుధవారం చూస్తే మొహం ఇంకా అక్కడే ఉంది. కాస్త నీరసంగా ఉంది. హాట్‌డిష్ చేశా, మాంసం, బంగాళాదుంపలు వేసి, తింటావా అన్నా. వద్దన్నాడు. తినవయ్యా అన్నా. అబ్బే వద్దన్నాడు. మూడోసారి అడగబోయేలోపే చెయ్యి బయటికొచ్చేసింది."

"మొహం అక్కడెందుకు పెట్టుకున్నాడు?" అన్నాడు డెల్మర్, ఇంకా అర్థంకాక.

చెప్పింది మార్లిస్. "ఆ గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది డెల్మర్. ఈయన తలుపు మూసుకుని, దాని అంచుదాకా మూడు వరసల మెత్త, పైన తివాచీ పరిచేశాడు. తలుపు కింది అంచు కన్నా నేల ఎత్తయిపోయింది. ఇంకేం తెరుచుకుంటుంది? కత్తి బయట మెట్ల మీద మర్చిపోయాడు. ఫోను వంటింట్లో. గురువారం నేనొచ్చి కత్తి కిటికీలోంచి అందిస్తే, తలుపు ముందు తివాచీ, మెత్త కోసుకుని బయటికొచ్చాడు."

"మరి మంగళవారమే ఈనర్‌కి చెప్పొచ్చు కదరా, ఇరుక్కుపోయానని!"

వెర్లిన్ చెవులు తివాచీ రంగులోకి వచ్చాయి. "పాపం గడ్డి కోసుకుంటున్నాడు," అన్నాడు చిన్న గొంతుతో. "ఊరికే ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

ఎవరూ నవ్వలేదు. ఒక్క పాస్టరమ్మ తప్ప ఆ హాల్లో ప్రతి ఒక్కరం ఆ కిటికీలో ఉంటే అదే మాట అనేవాళ్ళం.

"పోనీ నువ్వు అడగొచ్చుగా ఈనర్?" అన్నాడు డెల్మర్.

"వాళ్ళింటి సంగతి." అన్నాడు ఈనర్. "బందులు తన వైపే ఉన్నాయి. సుత్తి చేతిలోనే ఉంది. బందుల్లో కడ్డీలు పైకి తట్టి లాగితే తలుపే ఊడొస్తుంది, అయిదు నిమిషాల పని. తెలిసే ఉంటుందిలే, కాస్త ఒంటరిగా ఉండాలనుకున్నాడేమో అనుకున్నా."

"బందులా?" అన్నాడు వెర్లిన్.

ఆ మొహం చూశాక ఇక మావల్ల కాలేదు. డెల్మర్ బల్ల మీద పడిపోయాడు. మార్లిస్ ఆప్రాన్‌లో మొహం దాచుకుంది. ఆ నవ్వుకి పైన అంతస్తులో పియానో తీగలు మోగాయంటారు. అంటారు మరి, నేను వెర్లిన్‌ని కాదు, ఒట్టు పెట్టను.

నవ్వు సద్దుమణిగాక పాస్టరమ్మ ముక్కు తుడుచుకుని, "సరే వెర్లిన్, ఈ హాలు తివాచీ పరుస్తావా?" అన్నారు.

"అబ్బే, వద్దండీ," అన్నాడు వెర్లిన్. అనాల్సిన మాటే. కానీ అది మర్యాదకి అన్నట్టు లేదు, చూపు ఇంకా కాఫీ కప్పులోనే ఉంది.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వే పరచరా. నా ట్రక్కు ఇస్తాలే."

"వద్దులేరా. ఇంకెవరైనా పనొచ్చినవాళ్ళని చూసుకోండి."

రెండయ్యాయి. ఇక మూడోది రావాలి. ఎవరు అడుగుతారా అని మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఇంతలో పాస్టరమ్మ, కాలిఫోర్నియా మనిషి, వద్దంటే వద్దనేననుకుని, "అలాగే, నీ ఇష్టం. అయితే ఫార్గో నుంచి ఎవరినైనా..." అంటూ పుస్తకం మీద కలం పెట్టేశారు. 'ఫా' అని రాసేశారు కూడా. వెర్లిన్ తలెత్తి ఆ కలాన్ని చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. తనంతట తను ఎలా అడుగుతాడు? మూసుకుంది. చేతులు వాటంతటవే పక్కనున్న కుర్చీని మడతపెట్టడం మొదలెట్టాయి.

"మార్లిస్," అన్నాడు ఈనర్. "కాళ్ళు?"

మార్లిస్ ఆప్రాన్ లోంచి తల బయటికి తీసింది. మొగుడి కేసి చూసింది.

"వెచ్చగా ఉన్నాయి," అంది. "కిందటేడు చలికాలం మొత్తం. మేజోళ్ళు కూడా వేసుకోలేదు. అబద్ధం చెప్పను, ఆ గదిలో ఒక్క ముడత లేదు."

ఈనర్ వెర్లిన్ వైపు తిరిగాడు. "నువ్వే పరచు వెర్లిన్. మూడోసారి అడుగుతున్నా."

కుర్చీ సగం మడతలో ఆగిపోయింది.

"ఇంతగా..." అన్నాడు వెర్లిన్. కుర్చీ విప్పి నిలబెట్టాడు. మళ్ళీ మొదలెట్టాడు. "ఇంతగా అంటున్నారు గనక."

పాస్టరమ్మ 'ఫా' కొట్టేసి, ఈ ఊరు ఎప్పటికి అర్థమవుతుందో అన్నట్టు మా అందరినీ ఒక చుట్టు చూసి, రాసుకున్నారు: తివాచీ, వెర్లిన్. దాని కింద ఇంకో వరస చేర్చారు: తలుపు, ఈనర్.

ఈనర్ పళ్ళెం చంకన పెట్టుకుని, టోపీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండానే బయల్దేరాడు. అది కూడా మా ఊళ్ళో అంతకుముందు జరగలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, హాలు తలుపు బందుల మీద వేలితో ఒకసారి తట్టి చూసి, వెనక్కి తిరిగాడు.

"బుధవారం హాట్‌డిష్ తెస్తా," అన్నాడు. "ఏ కిటికీకి తెమ్మంటావు?"